ఆ రెండు గీతలు బిడ్డ కాదు

మా వదిన పోయింది. కొల్లేటికోటలో అడిగినవాళ్లందరికీ మావాళ్లు గుండె ఆగిపోయిందని చెబుతున్నారు. ఎవరికైనా చివరకు ఆగేది గుండే. ఆమెకొచ్చింది తగ్గే జబ్బు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చేపల చెరువుల మీద ఏరేటర్లు, అంటే నీళ్లకు గాలి పట్టించే మోటార్లు, బాగుచేస్తాను. వదిన మా చెరువు గట్టు మీద మేత బస్తాలు విప్పుతూ నా చేతుల జిడ్డు చూసి, "నిన్ను చేసుకునే పిల్లకి ముందు సబ్బుల కొట్టు పెట్టించాలి, అబ్బాయ్," అనేది. తను అన్నం తినేముందు ఒక ముద్ద నీళ్లలోకి విసిరేది, చేపలకి మేత వేసి ఉన్నా సరే.

కిందటేడు ఆమెకు కడుపు నిలిచి, కొన్నాళ్లకే రక్తస్రావమైంది. ఏలూరులో స్కానింగ్ చేసి ముత్యాల గర్భం అన్నారు. బిడ్డ ఉండదు, నీటి బుడగల్లాంటి గుత్తులు పెరుగుతాయి. కడిగి తీసేశారు. పేరు విని అమ్మ, "ముత్యాలంటున్నారు, మంచిదేగా అండీ?" అని డాక్టరమ్మను అడిగింది. వదిన మంచం మీంచే అంది: "ముత్యాలు కూడా కన్నాను. మీ అబ్బాయి నా చెవులకి ఒక్కటీ చేయించలేదు, అత్తయ్యగారూ."

డాక్టరమ్మ స్పష్టంగానే చెప్పింది. లోపల మిగిలింది మళ్లీ పెరగొచ్చు. వారంవారం రక్తపరీక్షకు రావాలి. రక్తంలో గర్భపు హార్మోను నంబరు మామూలుకు వచ్చాక కూడా నెలనెలా రావాలి. తాము సరేననేదాకా మళ్లీ కడుపు రాకూడదు. నేను బండి మీద తీసుకెళ్లేవాణ్ణి. సూది గుచ్చిన చోట దూదిని ఇల్లు చేరేదాకా మోచేతి మడతలో నొక్కిపట్టుకునేది. నంబరు కాస్త తగ్గగానే ఇంట్లో ఆపేశారు. చేపల పట్టుబడి అయ్యాక చూద్దామన్నాడు అన్న. మరిది బండెక్కి వారంవారం ఊరేగడమేమిటని నలుగురూ అనుకుంటున్నారంది అమ్మ. ఆ నలుగురూ ఇప్పుడెక్కడున్నారు?

ఆ రోజు వదిన నాతో, "నీళ్లు పైకి బాగానే కనిపిస్తాయి, అబ్బాయ్. చేపలు నోళ్లు తెరిచి తేలాక మోటారు వేస్తే ఏం లాభం?" అంది.

తర్వాత నెల తప్పింది. మందుల షాపు నుంచి తెచ్చిన కిట్ మీద రెండు గీతలు వచ్చాయి. అమ్మ వీధంతా కాజాలు పంచింది. ఆ జబ్బు మిగిలినా రెండు గీతలే వస్తాయని డాక్టరమ్మ చెప్పిందని వదిన ఒక్కసారే అంది.

"శుభమా అని కడుపు పండితే ఆ మాటలేమిటమ్మా?" అని అమ్మ కసిరింది.

మూడో నెల దాకా స్కానింగ్ వద్దు, దిష్టి తగులుతుందన్నారు. నేను అరిచాను. ఆడవాళ్ల విషయం నీకెందుకన్నాడు అన్న. వదినను మాత్రం నీకెలా ఉందని ఎవరూ అడగలేదు.

దగ్గులో రక్తం పడ్డాక ఏలూరు పరిగెత్తారు. లోపల మిగిలింది అప్పటికే క్యాన్సరై ఊపిరితిత్తులకూ తలకూ పాకింది. మందు ఎక్కించారు కానీ మనిషి దక్కలేదు. పరీక్షలు మానకుండా ఉంటే తొలిదశలోనే పట్టుకునేవాళ్లమని, అప్పుడైతే దాదాపు అందరికీ తగ్గుతుందని డాక్టరమ్మ చెబుతుంటే అన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ముత్యాల పేరు చెబితే, కడిగేశారు కదా అని ఊరుకోకండి. డాక్టర్లు చాలనేదాకా తీసుకెళ్లండి. ఎవరేమనుకున్నా తీసుకెళ్లండి.

నిన్న అగ్గిపెట్టె కోసం దేవుడి గూట్లో చెయ్యి పెట్టాను. మైల కదా, దీపం లేదు. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి అమ్మ దాచిన ఆ కిట్ అక్కడే ఉంది. గీతలు రెండూ ఇంకా చెరగలేదు.