ఇరవై లెక్కపెట్టేలోగా

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చాప చాలకపోతే నా కొంగు పరుస్తాను. బిడ్డకు మంచి చేయబోయి నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను.

అప్పుడు మా పాప తొమ్మిదో తరగతి. చిత్తూరు పక్క పల్లె మాది. ఖోఖోలో పాప ఉరికితే పట్టేవాళ్ళు లేరు. తిరుపతి ఎంపికల్లో నెగ్గితే ఆటల హాస్టల్లో సీటు వస్తుందని బడిలో ఆటల సారు చెప్పారు. మా ఊళ్ళో పదో తరగతి దాటిన ఆడపిల్ల లేదు. ఆ సీటు రాకపోతే పాప చదువూ అక్కడితో సరి.

ఆ రోజే నాకు భయం పట్టుకుంది. పాప రోజూ పొద్దున్నే పాలకేంద్రానికి క్యాను మోసుకుపోయి, ఖాళీ క్యానుతో చిన్నగా పరిగెత్తుకుంటూ వచ్చేది. పోనూ రానూ నాలుగు మైళ్ళు. ఇట్లా తిరిగితే కాళ్ళలో సత్తువ మిగులుతుందా అని మానిపించాను. పాలు వాళ్ళ నాయన సైకిల్ మీద తీసుకుపోయేవాడు. పాప మంచం మీద కూర్చుని రాగిజావ తాగేది.

"పొదిగే కోడి మాదిరి కూర్సోబెట్టినావే దాన్ని," అని మా అత్త ఎగతాళి చేసింది.

నెల తిరక్కముందే సారు కబురు పెట్టారు. పోయి చూస్తే, మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు పిల్లలను ఉన్న బలమంతా పెట్టి ఉరకమంటున్నారు. ఇరవై లెక్కపెట్టి మళ్ళీ ఉరకమంటారు. అట్లా ఆరుసార్లు. తొలి పరుగులో పాపే ముందు. మూడోదాని తర్వాత ఇరవై అయిపోయినా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూనే ఉంది. ఆరోసారి అందరికన్నా వెనక.

"ఇంట్లో ఏం మార్సినారు మా?" అన్నారు సారు.

"ఏమీ లేదు సార్. పాలకేంద్రానికి పోవద్దన్నా, అంతే."

సారు తల పట్టుకున్నారు. "మీ బావి మోటారు ఎంతసేపు ఆడతాది?"

"అరగంట. ఆపైన నీళ్ళు ఊరాల."

"ఇదీ అంతే మా. పాప మోటారు బాగుండాది, ఊటే సన్నబడింది. నిదానంగా దూరం పోయొచ్చేదే ఆ బిడ్డకు ఊట. దాన్ని మీరే పూడ్సినారు."

ఎంపికలకు నెలన్నరే ఉంది. మర్నాడే క్యాను పాప చేతికిచ్చాను.

"మొన్న వద్దంటివి, ఈపొద్దు పొమ్మంటివి. నీకేమన్నా గాలి సోకిందా మా?" అంది పాప.

పాప వాకిట్లోకి రాగానే ఇరవై లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు రొప్పు తగ్గినట్టుండేది, మర్నాడు అనుమానమే. నాకు అన్నం సయించేది కాదు.

తిరుపతిలోనూ అదే పరీక్ష పెట్టారు. తొలి పరుగులో వేరే ఊరి పిల్ల ముందుకు పోయింది. అక్కడి సారు లెక్కపెడుతుంటే నేనూ పెదాల మీద లెక్కపెట్టాను. నాలుగో పరుగు తర్వాత, పదిహేడు అనేసరికి పాప నడుం ఎత్తి నిలబడింది. ఆ పిల్ల ఇంకా వంగే ఉంది. ఆరోది కూడా పాప మొదటిదాని మాదిరే ఉరికింది. సాయంత్రం సీటు వచ్చినవాళ్ళ పేర్లు చదివితే, పాపది చివరి నుంచి రెండోది.

హాస్టల్‌కు పోయే రోజు క్యాను నా చేతికిచ్చింది. "నిదానంగా పోయి రా మా. మధ్యలో కూర్సోవద్దు."

మీ ఇంటి బావిలో ఊట సన్నబడకూడదు. మీ బిడ్డల గుండెల్లో దమ్ము తరగకూడదు. చల్లగా ఉండండి.