కట్టు లోపలి పాము

మా అత్తయ్యకు పాము కనిపించేది. ఊడుస్తుంటే చీపురు కింద, భోంచేస్తుంటే కంచం పక్కన, పడుకుంటే దిండు గలేబులో. మా ఇంటి గూట్లో జానెడు ఎత్తు మరియమాత స్వరూపం ఒకటుండేది. ఆ తల్లి పాదం కింద నలిగిన పాము. దీపం సెగకు దాని ఆకుపచ్చ రంగు పెచ్చులు రాలి, తల దగ్గర తెల్లటి సుద్ద బయటపడింది. "చూశావుటే, అది ఎప్పుడో జారుకుంది. అక్కడున్నది కుబుసం. అసలుది ఇంట్లో తిరుగుతోంది," అనేది అత్తయ్య. ఆ మాట విన్న రోజు నుంచి గూట్లో దీపం పెట్టేటప్పుడు నా చూపు ముందు మాత ముఖం మీదికి కాక పాదాల దగ్గరికి పోయేది.

అవి డెబ్బైల నాటి రోజులు. గుణదలలో కొండకు కూతవేటు దూరంలో మా ఇల్లు. మా ఆయనకు రైల్వేలో ఉద్యోగం, ఎప్పుడు ఇంట్లో ఉంటారో ఎప్పుడు డ్యూటీలో ఉంటారో తెలియని బతుకు. మామగారు పోయాక అత్తయ్య గుడివాడ అవతల పల్లెలో మా బావగారి దగ్గరే ఉండేది. జబ్బు ముదిరాక, "పట్నంలో అయితే డాక్టర్లుంటారు తమ్ముడూ" అని ఆయన తీసుకొచ్చి మా దగ్గర దించి వెళ్ళారు. బరువనిపించలేదని చెప్పను. కాని నాకు తల్లి చిన్నప్పుడే పోయింది. ఈ వయసులో ఒక తల్లిని చేతికిచ్చాడు గదా అని దేవుడికి వందనాలు చెప్పుకున్నాను.

గుంటూరులో మనసు జబ్బులు చూసే డాక్టరు గారొకరు మాత్రలు రాసి, పోయే ముందు నన్ను కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. "అమ్మా, ఆవిడ పాముందంటే లేదని కొట్టిపారెయ్యకండి. ఉందని తలూపకండి. ఆ చోటికి వెళ్ళి, వంగి, నిజంగా చూడండి. మీకేం కనిపించిందో అదే చెప్పండి. చూడకుండా మాత్రం చెప్పొద్దు. చూడకుండా చెబితే ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది."

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్న చర్చిలో ఉపదేశి. వసారాలో కూర్చోబెట్టి జ్ఞానోపదేశం పుస్తకం మీదే నాకు అక్షరాలు దిద్దించాడు. ప్రశ్న, జవాబు, మళ్ళీ ప్రశ్న. డాక్టరు గారి మాట కూడా నేను అలాగే కంఠతా పట్టాను.

"ఏమే, గలేబులో దూరింది. చూడవే!"

"ఉండండి అత్తయ్యా." గలేబు తిరగేసి దులిపేదాన్ని. "దూది ఉంది. ఒక పిన్నీసుంది. ఇంకేం లేదు."

"సరిగ్గా చూశావా?"

"చూశానత్తయ్యా."

"అయితే పిన్నీసు ఇటు తే. అది నాది."

అంతటితో ఆ పూట గండం గడిచేది. రోజుకు ఎన్నిసార్లు వంగేదాన్నో. వంగినప్పుడల్లా, ఈసారి నిజంగానే ఉంటే, అనిపించేది. కాలవగట్టు పక్క పుట్టి పెరిగినవాళ్ళకు ఆ భయం మరీ పిచ్చిదేమీ కాదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో కొండ తిరునాళ్ళకు బావగారు పల్లె నుంచి చుట్టాలను వెంటేసుకుని దిగారు. తిరునాళ్ళప్పుడు గుణదలలో ఎవరి ఇల్లూ వాళ్ళది కాదు. దొడ్లో పొయ్యిలు, వరండాలో చాపలు, తీగ నిండా పరాయి చీరలు. బావగారు మంచి మనిషి. తల్లి మీద ప్రాణం. ఈసారి గట్టి మొక్కు మొక్కుకొచ్చారు. కొండ కింద అంగట్లో నీలం నూలు దారం కొని, పేటలు పేటలుగా పురి వేసి, కొండ మీద గుహ దగ్గర మాత పాదాలకు తాకించి, అత్తయ్య కుడి మణికట్టుకు మూడు ముళ్ళు వేసి కట్టారు.

"అమ్మకి పూర్తిగా నయమయ్యేదాకా దీనిమీద కత్తి పడకూడదు. పడిందా, జబ్బు మళ్ళీ మొదటికొస్తుంది. అందరూ వినండి," అన్నారు, నా వైపు చూస్తూ. ఆ ఇంట్లో కత్తిపీట పట్టేది నేనే గనక కాబోలు.

కొండ దిగుతుంటే జనం. మైకులో పాటలు, కొబ్బరి నీళ్ళతో తడిసిన మెట్లు. నేను పళ్ళెం పట్టుకుని కొంచెం వెనకబడ్డాను. తలనీలాలిచ్చిన వాళ్ళెవరిదో జడ ఒకటి, కొసన ఎర్ర రిబ్బను, మెట్టు మీద పడి ఉంది. అత్తయ్య ఆగిపోయింది.

"చూడవే! చూడవే!" అని కేక వేసింది. నేను జనాన్ని తోసుకుని వచ్చి చూసేలోపు ఆమె ఎగిరి దూకేసింది. కుడిచెయ్యి ఆనించి పడింది. మణికట్టు దగ్గర చెయ్యి గరిటె వంచినట్టు వంగిపోయింది.

గవర్నర్‌పేటలో ఎముకల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఎముక సరిచేసి, లోపలి గదిలో ఇంకెవరో అరుస్తుంటే కట్టు వెయ్యమని కాంపౌండరుకు చెప్పి వెళ్ళారు. కాంపౌండరు కత్తెర తీసుకుని దారం పట్టుకోగానే బావగారు అడ్డం పడ్డారు.

"అయ్యా, మొక్కు దారం. కొయ్యకూడదండీ. మీ కాళ్ళు పట్టుకుంటా."

కాంపౌండరు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆయన నుదుట కుంకుమ ఉంది. మొక్కంటే ఆయనకూ భయమే. దారాన్ని కొంచెం పైకి జరిపి, దూది చుట్టి, దాని మీదే తడి పిండికట్టు వేసేశాడు. మోచేతి నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా తెల్లగా, సున్నం కొట్టిన గోడలా ఆరింది. వచ్చేటప్పుడు డాక్టరు గారు గుమ్మంలో నిలబడి చెప్పారు: "వేళ్ళు చూసుకుంటూ ఉండండి. నల్లబడినా, చల్లబడినా, కదపలేకపోయినా వెంటనే తీసుకురావాలి. పొద్దుటిదాకా ఆగొద్దు."

సాయంత్రం జపమాల మొదలయ్యే వేళకు అత్తయ్య అరవడం మొదలుపెట్టింది.

"లోపల దూరిందే! చుట్టుకుంటోంది! బిగిస్తోందే, చూడవే!"

నేను మంచం పక్కన మోకరించి చూశాను. తెల్లటి కట్టు. ఎటు నుంచి చూసినా కట్టే. గలేబయితే తిరగేసి దులుపుతాను. దీన్నేం చెయ్యను?

"లేదని చెప్పెయ్ అమ్మాయ్," అన్నారు బావగారు. "రోజూ చెప్పేదేగా."

"చూడకుండా ఎలా చెప్పనండీ?"

"చూసేదేముంది? పాముకి అందులో దూరే సందేదీ?" చుట్టాలు నవ్వారు. "ఎలకైనా పట్టదు," అని ఒకావిడ.

వేళ్ళు చూద్దామంటే అవి కనిపించేట్టు లేవు. వాపు లాగుతుందని, చుట్టాలతో వచ్చిన మా పిన్నత్తగారు ఉడికించిన చింతపండూ ఉప్పూ కలిపి వేళ్ళకు మందంగా పట్టు వేసింది. మా వైపు బెణుకయినా, దెబ్బయినా ముందు చేసేది అదే. గోధుమరంగు ముద్దలోంచి గోళ్ళ కొసలు మాత్రం కనిపిస్తున్నాయి. నేను పట్టు తీయబోతే అత్తయ్య చెయ్యి లాక్కుని పైట కింద దాచేసుకుంది. "వద్దు, దానికి కోపమొస్తుంది," అంది. ఆ అరుపులకు ఇంటిల్లిపాదీ విసిగిపోయారు. బావగారు నిద్రమాత్ర మరొకటి వేయించారు. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. అత్తయ్య మూలుగుతూ మూలుగుతూ మగతలో పడింది.

తెల్లవారింది. అత్తయ్య లేచి కూర్చుంది. అరుపు లేదు. గూటి వైపు చూడలేదు. దిండు దులపమనలేదు. కాఫీ గ్లాసు ఎడంచేత్తో పట్టుకుని తాగింది.

"పామేదమ్మా?" అన్నారు బావగారు.

"పోయిందిరా."

ఆ మాటకు ఇల్లంతా ఘొల్లుమంది. బావగారు మోకాళ్ళ మీద పడి ఏడ్చారు. "చెయ్యి విరిగితే విరిగింది. బుర్ర కుదిరింది. మాత ఒకటి తీసుకుని ఒకటిచ్చింది," అన్నారు. అందరూ మోకరించారు. నేనూ మోకరించాను. వందనాలు చెప్పుకోవడం నాకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. ఆ రోజు మాత్రం మాట నోట్లోంచి రాలేదు. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో 'చూడవే' అన్న పిలుపు లేకుండా ఒక ఘడియ గడవలేదు. నయమైన ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా? కొండ మీద మైకు పాడుతోంది. దాని కింద మా ఇంట్లో ఏదో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టుంది.

దొడ్లో ఆడవాళ్ళు వంటల హడావిడిలో పడగానే, గిన్నెలో వేణ్ణీళ్ళు తీసుకుని అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. "పట్టు కడిగేస్తానత్తయ్యా, చీమలు పడతాయి." ఆమె చెయ్యి దాచలేదు. నేనే ఎత్తి గిన్నెలో పెట్టాను. దుంగలా బరువుగా ఉంది. చింతపండు కరిగి నీళ్ళు ఎర్రగా తిరిగాయి. కింది నుంచి వేళ్ళు బయటపడ్డాయి.

నేరేడు పళ్ళ రంగు. మినపగారెల్లా ఉబ్బి. వేణ్ణీళ్ళలో ఉండి కూడా చల్లగా.

గోరు నొక్కాను. తెల్లబడింది, ఎరుపు తిరిగి రాలేదు. ఇంకొంచెం గట్టిగా నొక్కాను.

"నొప్పిగా ఉందా అత్తయ్యా?"

అత్తయ్య గిన్నెలోకి వింతగా చూసింది. "ఎవరిదే ఆ చెయ్యి?" అంది.

పాము పోవడం కాదు అది. మింగడం పూర్తయింది.

బావగారు దొడ్లో ఎవరికో మాత మహిమ చెబుతున్నారు. పక్కకు పిలిచాను. ఆయన ముఖంలోకి సూటిగా చూసి మాట్లాడింది అదే మొదటిసారి.

"బావగారూ, చెయ్యి చచ్చిపోతోంది. కట్టు విప్పించాలి. దారం లోపల కోస్తోంది."

ఆయన ముఖం మాడిపోయింది. "నిన్నటిదాకా పాము పామని చచ్చిపోయింది. ఇవాళ నిమ్మళించింది. ఇప్పుడు దారం తెంపి మళ్ళీ పిచ్చిదాన్ని చేస్తావా మా అమ్మని? చెయ్యి ముఖ్యమా, బుర్ర ముఖ్యమా?"

"మీరు నా మాట నమ్మొద్దండీ. వచ్చి ఒక్కసారి తాకి చూడండి. చూసి, ఎలాగంటే అలాగే చేద్దాం."

వచ్చారు. తల్లి చేతివేళ్ళు పట్టుకున్నారు. మా మామగారికి ఆఖరి స్నానం చేయించింది ఆయనే. ఆ చల్లదనం ఏమిటో ఆయనకు నేను చెప్పనక్కర్లేదు. తువ్వాలు భుజాన వేసుకుని రిక్షా కోసం పరుగెత్తారు.

ఆ ప్రయాణం ఇప్పటికీ కలలోకి వస్తుంది. లోకమంతా కొండ వైపు వస్తోంది, మేమొక్కళ్ళమే ఎదురు వెళుతున్నాం. బళ్ళు, కొబ్బరికాయల బుట్టలు. రిక్షా అంగుళం అంగుళం జరుగుతోంది. "ఎటమ్మా, మాత ఇటుంటే?" అని ఎవరో ఎగతాళి చేశారు. బావగారు దిగి, "దారివ్వండయ్యా, దారివ్వండి బాబూ," అని ముందు నడుస్తూ జనాన్ని చీల్చారు. నేను ఆ చేతిని నా భుజం మీద ఎత్తి పట్టుకుని మంగళవార్త జపం చెబుతున్నాను. సగంలో మాటలు మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేదాన్ని. అత్తయ్య మాత్రం తిరునాళ్ళకు పోతున్నట్టు అటూ ఇటూ చూస్తూ కూర్చుంది.

డాక్టరు గారు చూడగానే పెద్ద కత్తెరతో కట్టును నిలువునా చీల్చారు. దూది విప్పితే దారం కనబడలేదు. చేతి చుట్టూ ఒక గాడి ఉంది, అంతే. నీలం దారం ఆ గాడి అడుక్కి దిగిపోయింది. సరిగ్గా పాము చుట్టుకున్నట్టే.

డాక్టరు గారు చిన్న కత్తెర అందుకున్నారు. బావగారి చెయ్యి దానంతటదే అడ్డం వచ్చింది. తెలిసి చేసింది కాదు. కళ్ళ నిండా నీళ్ళు. "అమ్మా... మాత కట్టిన దారం..." అన్నారు.

అత్తయ్య ఆయన వైపు తిరిగింది. "మాతెక్కడ కట్టిందిరా? కట్టింది నువ్వేగా. నేను చూస్తూనే ఉన్నా. అప్పుడే చెప్పా, బిగించకురా అని."

బావగారు చెయ్యి తీసేశారు. దారం తెగింది. కొంచెంసేపు ఏమీ జరగలేదు. అందరం ఆ వేళ్ళ వంకే చూస్తున్నాం. అప్పుడు అత్తయ్య ఒక్కసారి గావుకేక పెట్టింది. "మండుతోందే! చచ్చానే!"

ఆ కేకకు నేను వందనాలు చెప్పుకున్నాను. ఉదయం నిశ్శబ్దానికి చెప్పలేనివన్నీ కలిపి.

చెయ్యి దక్కింది. ఉంగరం వేలూ చిటికెన వేలూ మాత్రం లోపలికి వంగిపోయాయి. నెలల తరబడి పొద్దున్నే వేణ్ణీళ్ళలో ముంచి, నూనె రాసి, ఒక్కో వేలూ చాపించేదాన్ని. వదిలితే మళ్ళీ ముడుచుకునేవి. పాము కూడా తిరిగొచ్చింది, ఆ ఎండాకాలంలోనే. మళ్ళీ గలేబులో, చీపురు కింద. బావగారు వచ్చినప్పుడల్లా తల్లి పామని కేక వేస్తే, ఆయన నా వైపు ఒకసారి చూసి తల దించుకునేవారు. నిజం చెప్పాలంటే, తెగిన దారానికీ తిరిగొచ్చిన పాముకూ సంబంధం లేదని నేను గట్టిగా అనుకునే రోజులూ ఉన్నాయి, దీపం పెట్టేటప్పుడు గూటి వైపు చూడలేని రోజులూ ఉన్నాయి.

అప్పటి నుంచి ఇంట్లో ఏ మూల చడీచప్పుడు లేకపోయినా చేస్తున్న పని వదిలేసి పరుగెత్తేదాన్ని. చాలాసార్లు ఆమె వరండాలో కునుకు తీస్తూ ఉండేది, జపమాల ఆ వంగిన వేళ్ళకు చిక్కుకుని.

"ఏమే, అరచేతిలో ఉంది. చూడవే," అనేది కళ్ళు తెరవగానే.

నేను కూర్చుని, వేళ్ళు ఒక్కొక్కటీ విప్పి, వంగి, నిజంగా చూసేదాన్ని.

"గోళ్ళు ఎర్రగా ఉన్నాయత్తయ్యా. చెయ్యి వెచ్చగా ఉంది."

"పాము సంగతి చెప్పవే అంటే!"

"అదీ చూస్తున్నా. ఉండండి."