హరికథ రెండుసార్లు ఆగింది

దయ్యాల మాట వస్తే నవ్వి లేచి వెళ్ళిపోయే రకాన్ని నేను. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఏ పని ఎందుకు తప్పిందో వెతికి పట్టుకోవడమే నా ఉద్యోగం. అందుకే ఈ సంగతి ఎవరికైనా చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది.

అప్పుడు మా టీమ్ రిమోట్ లేకుండా చేతి సైగతో వీడియో నడిపే ప్రోగ్రామ్ చేస్తోంది. అరచెయ్యి చూపిస్తే ఆగుతుంది, పిడికిలి బిగిస్తే మళ్ళీ మొదలవుతుంది. పరీక్షించడానికి ప్రగతి నగర్‌లో మా ఇంటి టీవీకే కెమెరా పెట్టాను. అందరికన్నా ముచ్చటపడింది మా మామయ్యగారు. హరికథ వీడియో పెట్టుకుని, మధ్యలో ఠీవిగా కుడి చెయ్యెత్తి ఆపేవారు.

రెండు నెలలకు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. లింగంపల్లి వైపు ఒక ఆసుపత్రిలో చేర్చాం. పంతొమ్మిది రోజులైనా చెయ్యి కదల్లేదు. ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు మా వారికి చెప్పారు. ఆ మాట అత్తయ్యగారికి చెప్పలేదు.

ఒకరోజు పొద్దున మా వారు ఆసుపత్రిలో ఉన్నారు. నేను పక్క గదిలో ఆఫీసు పని చేసుకుంటున్నాను. అత్తయ్యగారు హరికథ పెట్టుకుని, వంటింట్లో బీరకాయలు తరుగుతున్నారు.

"అమ్మాయ్, టీవీ ఆగిపోయింది," అన్నారు.

వెళ్ళి మళ్ళీ పెట్టాను. నేను గుమ్మం దాటకముందే మళ్ళీ ఆగింది. కెమెరా ముందు ఎవరూ లేరు.

లాప్‌టాప్‌లో రికార్డు చూశాను. ప్రోగ్రామ్ ఫోటోలు దాచదు, ఏ చెయ్యి, ఏ సైగ, ఏ టైమో మాత్రం రాసుకుంటుంది. రెండుసార్లూ 'కుడి చెయ్యి, అరచెయ్యి' అని ఉంది. పదకొండూ ఇరవై, పదకొండూ ఇరవై రెండు. గోడ మీద అభయహస్తం చూపించే లక్ష్మీదేవి క్యాలెండర్‌ని అనుమానించాను. అది కెమెరాకు వెనక గోడ మీదుంది. వీడియో మళ్ళీ పెట్టి, కర్టెన్ కదిపి చూశాను, ఫ్యాన్ వేసి చూశాను. ఆగలేదు.

అంతలో మా వారు ఫోన్ చేశారు. "నాన్న కుడి చెయ్యి ఎత్తారు. ఇప్పుడే. రెండుసార్లు."

ఫోన్‌లో టైము చూశాను. పదకొండూ ఇరవై ఆరు. ఏడుస్తున్న అత్తయ్యగారిని పట్టుకుని నిలబడ్డానే గానీ, టీవీ సంగతి మా వారికి చెప్పలేదు.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాం. మామయ్యగారు అత్తయ్యగారి వైపు చూశారు. మాట పోయాక మొదటిసారి, ముద్దముద్దగా, ఒక్కో మాటే కూడబలుక్కుని అన్నారు.

"నేను ఆపితే... మళ్ళీ పెట్టారేంటి?"

అత్తయ్యగారు నా వైపు తిరిగారు. మా వారికి ఏమీ అర్థం కాలేదు. మందు ఇవ్వడానికొచ్చిన నర్సమ్మ సర్దిచెప్పింది, "పరేషాన్ గాకుండ్రి అమ్మా. ఇట్ల పక్షవాతం వచ్చినోళ్ళు జర ఏదేదో మాట్లాడ్తరు."

కావచ్చు. మామయ్యగారు ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు, కర్ర పట్టుకుని నడుస్తున్నారు. అడిగితే, "నేనలా అన్నానా?" అంటారు. ఆసుపత్రిలో ఆ రోజులేవీ ఆయనకు గుర్తులేవు.

ఆఫీసులో ఒకరు నీడ అన్నారు, ఇంకొకరు కిటికీ వెలుతురు అన్నారు. అవి రెండూ అదే గదిలో, అదే వేళకు పరీక్షించి చూశాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

వీడియో ఆగడానికి ఏదో కారణం చెప్పుకోగలను. చెయ్యి కదలడానికి మందులున్నాయి. ఆ మాటకు నర్సమ్మ చెప్పిందే నిజం కావచ్చు. మూడూ ఒకే రోజు ఎలా జరిగాయంటే మాత్రం, ఏమో, నాకు తెలియదు.