నలుగురి పేర్ల మీద ఒకే జ్వరం

ఓబులమ్మ మెట్లు దిగుతుంటే మెట్లే ఆమెను మెల్లగా కిందికి దించుతున్నట్టుంది. మలుపు దగ్గర ఆగి గోడకు చెయ్యి ఆనించింది. సున్నం చల్లదనాన్ని కాసేపు అరచేతిలో పట్టుకుని మళ్ళీ కదిలింది. పోయిన గురువారం వచ్చిన జ్వరం నిన్నటితో వదిలింది. పోతూ పోతూ ఆమెలో సగాన్ని వెంట తీసుకుపోయింది.

భర్త నరసింహప్ప హూడిలో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉంటాడు. తెల్లవారకముందే డ్యూటీకి పోతూ, "దవాఖానాకు నడిచి పోవద్దు, ఆటో ఎక్కు" అని మంచం పక్కన చెప్పి వెళ్ళాడు. ఆ మాట కలలో విన్నదో మెలకువలో విన్నదో ఆమెకు తెలియలేదు. ఈ వారమంతా అంతే. పగళ్ళు కిటికీలోంచి నీళ్ళలా లోపలికి వచ్చి, నీళ్ళలాగే ఇంకిపోయాయి.

బొమ్మనహళ్ళిలో ఆమె పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో ఒక నియమం ఉంది. డాక్టరు చీటీ లేకుండా వరుసగా ఐదు పనిరోజులు రాకపోతే, ఐదో రోజు సాయంత్రం ఐదింటికి పేరు కొట్టేస్తారు. ఆ తరవాత కూడా రావచ్చు, కాకపోతే కొత్తగా చేరినట్టే. నిలబడి దారాలు కత్తిరించే బల్ల దగ్గర మొదలుపెట్టాలి. ఓబులమ్మ తొమ్మిదేళ్ళుగా కాలర్ మిషన్ మీద కూర్చుంటోంది. ఆ కుర్చీకి చేరడానికే ఆమెకు మూడేళ్ళు పట్టింది. నలభై రెండేళ్ళ వయసులో, ఈ కాళ్ళతో, మళ్ళీ ఆ బల్ల దగ్గర నిలబడటం ఊహకే అందలేదు. శనివారం, సోమ, మంగళ, బుధ అయిపోయాయి. ఇవాళ గురువారం. ఐదోది.

చీటీ ఎవరుపడితే వాళ్ళు రాస్తే పనికిరాదు. కార్మికుల ఈఎస్ఐ దవాఖానా డాక్టరే రాయాలి. మంగళవారం సందు చివర క్లినిక్‌లో ఇంజక్షన్ వేసి సెలైన్ ఎక్కించినాయన ఒక కాగితం రాసిచ్చాడు. నిన్న దాన్ని ఫోటో తీసి సూపర్‌వైజర్ మునిరాజుకు పంపితే అతను వెంటనే ఫోన్ చేశాడు.

"ఇది నడవదక్కా. ఈఎస్ఐదే కావాల."

"జొరమొచ్చినోళ్ళు అంత దూరం పోయి లైన్లో యెట్ల నిలబడేదప్పా?"

"జొరం తగ్గినాక పో."

"తగ్గినాక పోతే, నీకు జొరమేడుందమ్మా అంటారు గదా."

మునిరాజు వెనక మిషన్ల చప్పుడు వానలా వినిపించింది. "అదీ నిజమే," అన్నాడు చివరికి. "రేపు ఐదు లోపల, శనివారం నుంచి రాసిన చీటీ గేటుకు రావాల. నాకు తెలిసింది అంతే అక్కా."

దవాఖానాలో ఆమె కన్నా ముందు చాలామంది వచ్చి ఉన్నారు. బెంచీ మీద ఒకరి భుజం మీద ఒకరు తెలియకుండానే ఒరిగి కూర్చున్నారు. ఎవరి కాగితాల సంచి వాళ్ళ ఒడిలో, నిద్రపోయిన పసిపిల్లలా. పక్కన కూర్చున్న ముసలాయన ఆమె ముఖం చూసి, "సుస్తుగా ఉండాదా తల్లీ? గోడ పక్కకు రా, ఆనుకునేకి అవుతాది" అని జరిగాడు. ఆమె గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. పేర్లు పిలుస్తూనే ఉన్నారు. తన పేరు వినబడేసరికి పదకొండు కావస్తోంది.

డాక్టరు కిరణ్మయికి ముప్పై దాటి ఉండవు. బ్రూక్‌ఫీల్డ్ నుంచి రోజూ ఆ ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వస్తుంది. కళ్ళ కింద ఆ రోడ్డంతా నల్లగా పరుచుకుని ఉంది. కన్నడంలో మొదలుపెట్టి, ఓబులమ్మ మాట విని తెలుగులోకి దిగింది.

"ఎన్ని రోజుల నుంచి ఫీవర్?"

"పోయిన గురువారం నుంచి మేడమ్. రెండు దినాలు జొరంతోనే పని చేసినా. శనివారం లేచేకి కాలేదు."

డాక్టరు నాలుక చూసింది. కళ్ళు చూసింది. బీపీ చూసి కనుబొమ్మలు ముడిచింది. ధర్మామీటరులో జ్వరం లేదు. "బ్లడ్ టెస్ట్ రాస్తున్నా. ఇక్కడే ఇవ్వండి, మూడింటికల్లా రిపోర్టు వస్తుంది. లెటర్ ఇవాళ్టి నుంచి రాస్తాను."

"శనివారం నుంచి కావాల మేడమ్. లేకుంటే సాయంత్రం నా పేరు కొట్టేస్తారు."

"శనివారం మిమ్మల్ని నేను చూడలేదు కదమ్మా."

"ఆ దినం నన్ను ఎవురూ చూడలేదు మేడమ్. నేను పండుకోనుంటి."

కిరణ్మయి పెన్ను కింద పెట్టింది. "మీరు చెప్పేది నేను నమ్ముతున్నాను. కానీ నమ్మకం మీద డేట్ వెయ్యలేను. రేపెవరైనా అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి." కొంచెం ఆలోచించింది. "జ్వరంతో రెండు రోజులు పని చేశానన్నారుగా. ఫ్యాక్టరీలో నర్సు ఉంటుంది కదా? టాబ్లెట్ తీసుకునుంటే రిజిస్టర్‌లో రాసి ఉంటారు. ఆ పేజీ కాపీ తెండి. నేను నాలుగింటి వరకు ఉంటా."

ఓబులమ్మ తల ఊపింది. రక్తం ఇచ్చి బయటికి వచ్చాక గానీ ఆమెకు ఆ సంగతి తట్టలేదు.

ఆ రిజిస్టర్‌లో తన పేరు ఉండదు.

ఫ్యాక్టరీ సిక్ రూమ్‌లో మనిషికి రోజుకు ఒక్కటే మాత్ర. ఒకే పేరు మళ్ళీ మళ్ళీ కనబడితే అది పైకి పోతుంది. 'రోగిష్టి మనిషి' అన్న మాట పడితే మిషన్ మీది నుంచి లేపి మరో పనిలో వేస్తారు. అందుకని కాలర్ లైనులో ఆడవాళ్ళు ఎప్పటి నుంచో ఒక పద్ధతి పెట్టుకున్నారు. జ్వరం వచ్చిన మనిషి కుర్చీ వదలదు. మిగిలినవాళ్ళు గంటల తేడాతో ఒకరి తరవాత ఒకరు వెళ్ళి, తలనొప్పి అని చెప్పి, మాత్ర అరచేతిలో దాచి తెస్తారు. పోయిన గురువారం పొద్దున చైత్ర తెచ్చింది, మధ్యాహ్నం పాపక్క, టీ వేళకు అర్చన, చివరికి పెద్దక్క. శుక్రవారం మళ్ళీ ఆ నలుగురే. ఆ రెండు రోజులు ఆమె జ్వరం నాలుగు వేరువేరు తలల్లో నొప్పిగా కాగితం మీదికెక్కింది. ఆమె మాత్రం, కాగితం మీద, ఆరోగ్యంగా కూర్చుని కాలర్లు కుట్టింది.

అయినా ఆటో ఎక్కి ఫ్యాక్టరీకి పోయింది. పోకపోతే ఇంకెక్కడికి పోవాలో తెలియలేదు.

సిక్ రూమ్ గేటు పక్కనే. నర్సు సమీనా ఆమెను చూసి ముందు కుర్చీ జరిపింది, తరవాత నీళ్ళిచ్చింది. విషయం విని రిజిస్టరు తెరిచి వేలితో పైనుంచి కిందికి వచ్చింది. గురువారం. శుక్రవారం. వేలు ఒకచోట ఆగింది. వెనక్కి పోయి మళ్ళీ ఆగింది.

"ఓబులమ్మ అని లేదు," అంది సమీనా. "కాలర్ లైను నుంచి నలుగురు వచ్చినారు. రెండు దినాలూ ఆ నలుగురే. అందరికీ తలనొప్పే."

ఓబులమ్మ గ్లాసులో మిగిలిన నీళ్ళను చూస్తూ కూర్చుంది.

సమీనా గొంతు తగ్గించింది. "అక్కా, నేను ఇక్కడ ఆరేండ్ల నుంచి ఉండాను. నాకు తెలీదా? ఆ నలుగురూ వచ్చి, మాత్రలు నీకోసమే తీసుకున్నామని సైన్ చేస్తే, నేను ఒక లెటర్ ఇస్తా. నీ పని అయిపోతాది."

"వాళ్ళకేమైతాది?"

"హెచ్ఆర్‌కు చెప్పాలి కదా. ఒక మెమో ఇస్తారు. ఇంకమీద మాత్ర నా ఎదురుగానే మింగాల అంటారు. అంతే."

అంతే, అన్న మాట గదిలో కొంచెంసేపు తిరిగింది. కిటికీ అవతల లోడింగ్ బండి వెనక్కి వస్తూ కూస్తోంది. ఓబులమ్మ తన లైనును తలుచుకుంది. చైత్ర కడుపుతో ఉన్న రోజులు, పాపక్క నడుము, ముందు ముందు రాబోయే జ్వరాలన్నీ ఆమెకు వరసగా కనిపించాయి. ఇక వాటన్నిటికీ ఒక్కొక్క పేరే ఉంటుంది, ఒక్కొక్క మాత్రే దొరుకుతుంది. తను నోరు విప్పితే తన పేరు నిలుస్తుంది. అలసట ఎంత ఉందంటే, ఆ ఒక్క మాట అనేసి ఇక్కడే పడుకోవాలనిపించింది.

"వాళ్ళకు తలనొప్పే మేడమ్," అంది. "ఆ దినాల్లో ఎండ జాస్తిగా ఉండె."

"ఉండె ఉండె," అంది సమీనా, రిజిస్టరు మూసేసి. "నాకూ తలనొప్పిగానే ఉండె."

దవాఖానాకు తిరిగి వచ్చేసరికి మూడున్నర. బెంచీలు ఖాళీ అయ్యాయి. ఊడ్చిన నేల మీద మధ్యాహ్నం పలచగా ఆరుతోంది. రిపోర్టు తీసుకుని లోపలికి పోయి, డాక్టరు ముందు పెట్టి, నిలబడలేక కూర్చుంది.

"రిజిస్టరు?"

"అందులో నా పేరు లేదు మేడమ్."

కిరణ్మయి నిట్టూర్చి రిపోర్టు చదవసాగింది. ప్లేట్‌లెట్లు బాగా తగ్గి ఉన్నాయి. ఎదురుగా ఓబులమ్మ ఒక పాదంతో మరో పాదాన్ని రాస్తోంది. అరచెయ్యి గోక్కుంటోంది.

"దురదా? ఎప్పటినుంచి?"

"నిన్న నుంచి. అది రోగం కాదులే మేడమ్. మాకు నూలు దుమ్ముకు దురద వస్తానే ఉంటాది. రంగు గుడ్డ పట్టుకున్నా వస్తాది. లైన్లో అందరికీ ఉండేదే."

"వారం నుంచి ఫ్యాక్టరీకే పోలేదు కదమ్మా, దుమ్ము ఎక్కడిది? చీర కొంచెం పైకి జరపండి."

మోకాలి కింద నుంచి మడమ దాకా చర్మం ఎర్రగా కంది ఉంది. ఆ ఎరుపు నడుమ అక్కడక్కడా తెల్లటి మచ్చలు, నీళ్ళలో తేలే చిన్న చిన్న దీవుల్లా. కిరణ్మయి కుర్చీ దగ్గరికి లాక్కుని వంగి చూసింది. వేలితో నొక్కి చూసింది. ఆమె ముఖంలో రోజంతా లేని మెలకువ వచ్చింది.

"పొద్దున ఇది ఎందుకు చెప్పలేదు?"

"మీరు జొరం గురించి అడిగితిరి."

"ఇదీ జ్వరమేనమ్మా. డెంగీ. ఈ మచ్చలు మొదటి రోజు రావు. జ్వరం మొదలై ఆరేడు రోజులయ్యాక, తగ్గేటప్పుడు వస్తాయి." రిపోర్టును, కాళ్ళను ఒకసారి మార్చి మార్చి చూసింది. "మిమ్మల్ని శనివారం నేను చూడలేదు. కానీ దీన్ని ఇప్పుడు చూస్తున్నా. ఇది రాయగలను."

చాలాసేపు రాసింది. జ్వరం ఆరు రోజులకు ముందే మొదలై ఉండాలనీ, అది తను కళ్ళారా చూసి చెబుతున్న మాట అనీ, శనివారం నుంచి ఓబులమ్మ పనికి రాగల స్థితిలో లేదనీ రాసింది. ఇంకా ఆరు రోజులు విశ్రాంతి అని చేర్చి సీలు వేసింది. "నీళ్ళు బాగా తాగండి. ఎల్లుండి మళ్ళీ రక్తం ఇవ్వాలి. కడుపునొప్పి వచ్చినా, ఎక్కడైనా రక్తం కనబడినా వెంటనే పెద్దాసుపత్రికి పొండి. నాకోసం చూడొద్దు."

ఐదుకు పది నిమిషాలుండగా ఓబులమ్మ గేటు చేరింది. మునిరాజు బయటికి వచ్చి కాగితం తిప్పి తిప్పి చదివాడు. సీలు మీద బొటనవేలు పెట్టి చూశాడు.

"సరిపోతాది అక్కా. పేరు ఉంటాది."

"నా మిషన్?"

అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "సోమవారమే వేరే ఆమెను కూర్చోబెట్టినారు. ఆర్డర్ అర్జెంటు. నువ్వు వచ్చినాక చూస్తాం. లైన్లోనే ఏదో ఒకటి ఇస్తాలే. బల్ల దగ్గరకైతే పంపను."

ఆమెకు కోపం రాలేదు. కోపానికి కూడా కొంచెం బలం కావాలి. గేటు పక్క దిమ్మె మీద కూర్చుంది. కాసేపటికి షిఫ్టు వదిలారు. వందల చెప్పుల చప్పుడు ఒక్కసారిగా రోడ్డు మీదికి ఒలికింది. ఆ గుంపులోంచి పాపక్క విడివడి వచ్చి ఆమె చంక కింద చెయ్యి వేసి లేపింది.

"చీటీ సిక్కిందా?"

"సిక్కింది."

"సమీనా మేడమ్ దగ్గరకు పోయినావంటనే? ఆమె నన్ను చూసి నగతా ఉంది, ఏం చెప్పినావు?"

"ఏం చెప్పలేదు. మీకందరికీ తలనొప్పే అంటి. తగ్గిందా నీకు?"

పాపక్కకు అర్థం కావడానికి నాలుగు అడుగులు పట్టింది. ఆ తరవాత పట్టు బిగించింది. హోసూరు రోడ్డు దాటడానికి ఇద్దరూ అంచున ఆగారు. బళ్ళు తెగని దారంలా సాగుతున్నాయి.

"ఎన్ని దినాలు రాసినారు?"

"ఇంగా ఆరు దినాలు పండుకోమని."

"ఆరు దినాలా!" పాపక్క నోరు తెరిచింది. "అమ్మా తల్లీ, నాకెవురన్నా ఒక్క దినం రాసిస్తే సాలు."

ఓబులమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆవులింత అయిపోయింది. బళ్ళ మధ్య సందు దొరికేదాకా ఆమె కళ్ళు మూసుకుని, స్నేహితురాలి భుజానికి ఒరిగి, నిలబడే కొంచెం నిద్రపోయింది.