బాగున్న చిప్పును పీకేసిన రోజు

మొన్న నా సెల్‌ఫోను నీళ్లల్లో పడితే శంషాబాద్ బస్టాండు ఎదురుగా ఉన్న రిపేరు దుకాణానికి పట్టుకెళ్లాను. కౌంటరులో కూర్చున్న అమ్మాయి ఫోను చేతిలోకి తీసుకోకముందే, లోపల పోకుండా దాచుకోవలసినవి ఏమైనా ఉన్నాయా అని అడిగి, నా జవాబు కాగితం మీద రాసి సంతకం పెట్టించుకుంది. ఇదే ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా టేపురికార్డర్లూ ఆంప్లిఫయర్లూ విప్పి బిగించినవాణ్ణి, ఒక్కరినంటే ఒక్కరిని ఆ మాట అడిగిన పాపాన పోలేదు. నా ఈడు మెకానిక్కులకు గుర్తుండే ఉంటుంది, ఏం ఖరాబైందని అడిగేవాళ్లమే గాని లోపల ఏముందని అడగడం మాకు అలవాటు లేదు.

విమానాశ్రయం మొదలై నాలుగైదేళ్లయిన రోజులవి. హైవే పక్కన నా దుకాణం. ఏ సెట్టయినా బాగుచేసి పాట పెట్టి వింటుంటే, నెత్తి మీంచి విమానం పోయేదాకా చేతులు కట్టుకుని ఆగాల్సి వచ్చేది. మా అన్న అదే విమానాశ్రయంలో సరుకులు ఎత్తే పనిలో ఉండేవాడు. వదినతో మైలార్‌దేవ్‌పల్లిలో కిరాయికి ఉండేవాడు. ముచ్చటపడి మైకున్న పెద్ద మ్యూజిక్ సెట్టు కొనుక్కుని, సెలవు దొరికితే చాలు, శ్రుతీ లయా లేకుండా పాడి ఇరుగుపొరుగును హడలగొట్టేవాడు. ఒకరోజు పొద్దున డ్యూటీ దిగి వస్తుండగా గగన్‌పహాడ్ దగ్గర లారీ గుద్దింది. దవాఖానకు చేరకముందే అన్న పోయాడు. దాని గురించి ఇంతకంటే రాయలేను.

నాలుగు నెలలకు వదిన ఆ సెట్టును దుప్పట్లో చుట్టుకుని ఆటోలో నా దుకాణానికి తెచ్చింది. స్విచ్చి వేస్తే లైటు వెలిగి, తెర మీద మొదటి అక్షరాల దగ్గరే ఆగిపోతోంది. నేను మూత విప్పుతుంటే ఆమె గుమ్మంలోనే నిలబడి, కొంగు కొస వేలికి చుట్టుకుంటూ ఒక్కమాట అంది. “జర జల్ది చెయ్యి. ఇంట్ల సప్పుడు లేకుంట అయింది.”

పాటలు వినాలనుకుంటోంది పాపం అనుకున్నాను.

నాకో రోగం ఉండేది. మీటరు పెట్టి చూడకుండా, చిప్పుల మీద వేలు ఆనించి, ఏది కాలుతోందో ఏది చల్లగా ఉందో చూసి తీర్పు చెప్పేయడం. నాకు పని నేర్పిన మేనమామ ఎన్నోసార్లు మందలించాడు, ముందు చిప్పుకు కరెంటు సరిగ్గా అందుతోందో లేదో చూడమని. వింటే కదా! ఇలా మొదట్లోనే ఆగిపోయే సెట్లలో చాలావరకు మెమరీ చిప్పే పోయేది. సెట్టు నడిచే ప్రోగ్రామూ, మైకులో రికార్డు చేసుకున్న పాటలూ అన్నీ అందులోనే ఉంటాయి. వేలు ఆనిస్తే చల్లగా తగిలింది, పోయిందనుకుని వేడిగాలి కొట్టి దాన్ని పీకేసి, పాడైపోయిన అలాంటి సెట్టులోని చిప్పు తెచ్చి అతికించాను. అయినా సెట్టు కదల్లేదు. అప్పుడు మీటరు తీశాను. మెమరీకి కరెంటు అందించే చిన్న మూడుకాళ్ల చిప్పు పోయింది. దాన్ని మార్చగానే సెట్టు నిక్షేపంగా మోగింది. అంటే నేను పీకింది బాగున్న చిప్పు. దాన్ని తిరిగి పెట్టడానికి నాకు బద్ధకమేసింది. ఎలాగూ పనిచేస్తోంది కదా అనుకుని, పీకిన చిప్పును అందరు మెకానిక్కుల్లాగే డబ్బాలో వేసుకున్నాను.

పది రోజుల తర్వాత ఇంట్లో అన్నం తింటుండగా మా ఆవిడ నెమ్మదిగా చెప్పింది. వదిన వచ్చి వెళ్లిందట. సెట్టులో అన్న రికార్డు చేసుకున్నవి వినబడటం లేదట. మధ్యాహ్నం పూట తలుపేసుకుని రోజూ అవే వినేదట. పోయిన మొగుడి గొంతు వింటున్నానని మరిదితో ఎట్లా చెప్పాలని సిగ్గుపడి, ఇన్నాళ్లూ ఊరుకుని, ఆఖరికి తోటికోడలికి చెప్పుకుంది. పాటలు పోయినా ఆమెకు బాధ లేదట. ఒక పాటకు ముందు అన్న మైకులో ఆమెను పేరు పెట్టి పిలిచి చాయ్ తెమ్మన్నాడట. మా అందరి ముందూ “ఇగో” అని తప్ప ఏనాడూ పిలవని మనిషి.

తింటున్న కంచంలోనే చెయ్యి కడిగేశాను. అంతకు రెండు రోజుల ముందే, ఇంకెవరిదో సెట్టు కోసం డబ్బాలోని ఆ చిప్పును కంప్యూటరుకు తగిలించి, పూర్తిగా చెరిపేసి, కొత్తగా ప్రోగ్రాము ఎక్కించి ఇచ్చేశాను. మా అన్న గొంతును నా చేత్తో నేనే తుడిచేశాను.

మర్నాడు నిజం చెప్పాలనే మైలార్‌దేవ్‌పల్లి వెళ్లాను. వదిన ముఖం చూశాక ధైర్యం చాలలేదు. “నువ్వు తెచ్చేటాల్లకే చిప్పు కాలిపోయింది వదినా” అన్నాను. ఆమె “గట్లనా. నీ తప్పేముంది తియ్, ఆయనతోనే పోయింది” అంది. అప్పటికే నా కోసం చాయ్ పెట్టింది. తాగి వచ్చేశాను.

ఆ తర్వాత వాళ్ల వాడలో ఎవరి సెట్టు చెడినా నా దగ్గరికే పంపేది. మా మరిది ఉన్నదున్నట్టు చెప్తడని ఆమె చెప్పిందని వాళ్లంటుంటే, తల ఎత్తకుండా స్క్రూలు విప్పుకునేవాణ్ణి.

ఇప్పుడు దుకాణం లేదు. చెడిన సెట్టును బాగుచేయించుకునే ఓపిక ఎవరికీ లేదు. ఒక్కొక్కరి ఫోనులో ఇంటిల్లిపాది గొంతులూ పదేసి చోట్ల భద్రంగా ఉంటాయి, తిరిగి వినే తీరికే ఉండదు. మాకు ఒక మనిషి గొంతు ఒక్కచోటే ఉండేది, అదీ గోరంత చిప్పులో. నిజం చెప్పేద్దామని వదిన దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లానో, అన్నిసార్లూ చెప్పకుండానే వచ్చాను.

పోయిన నెల ఆమెను చూడటానికి వెళ్తే, మాటల మధ్యలో, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అడిగింది. “మీ అన్న గొంతు ఎట్లుండె? నాకు యాదికొస్తలేదు. నీకు యాదికున్నదా?” ఉన్నది వదినా అన్నాను. ఆమె ముఖం కొంచెం తేటపడింది, చాలు, నీకైనా ఉన్నది అంది. ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి కళ్లు మూసుకుని కూర్చుని ప్రయత్నిస్తూనే ఉన్నాను. అన్న నవ్వు కనబడుతోంది, మైకు పట్టుకున్న చెయ్యి కనబడుతోంది, పెదాలు కదులుతున్నాయి. గొంతు మాత్రం నాకూ వినబడటం లేదు.