వెనక సీటు కోసం కొన్న కారు

నేను కారు కొంటానంటే గురజాలలో నవ్వనివాళ్ళు లేరు. నర్సమ్మకు కళ్ళు నెత్తికెక్కాయన్నారు. ఎక్కితే ఎక్కాయి, నా నెత్తి నా ఇష్టం. ఎనభైల చివరి మాట అది. కారంటే అప్పటికి ప్లీడర్లకూ డాక్టర్లకూ మిల్లుల వాళ్ళకూ ఉండే వస్తువు. నేనేమో మిషనాసుపత్రిలో పని నేర్చుకొని, మా ఇంటి ముందుగదిలో రెండు మంచాలు వేసి పురుళ్ళు పోసేదాన్ని. ఏ కాన్పు నా చేతిలో అవుతుందో, ఏది కాదో పొట్ట మీద చెయ్యి వేసి చెప్పగలిగేదాన్ని. గొప్పకు చెప్పడం లేదు, నిజం కాబట్టి చెబుతున్నాను. కానిదాన్ని నరసరావుపేట పెద్దాసుపత్రికి చేర్చాలి. అందుకు మాకున్నవి ఎప్పుడొస్తుందో తెలియని బస్సు, బతిమాలితే ఆగే సిమెంటు లారీ. నిండు చూలాళ్ళను వాటిలో ఎక్కించీ ఎక్కించీ నాకు విసుగెత్తిపోయింది.

ఆ వేసవిలో తొందర మరీ ఎక్కువైంది. మా పక్కింట్లో ఒక సాయిబుగారి కుటుంబం ఉండేది. ఆయన మెకానిక్కు, ఇంటి ముందే షెడ్డు. నేనాయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లెమ్మా అనేవాడు. వాళ్ళమ్మాయి రెండో కాన్పుకు పుట్టింటికొచ్చింది. మొదటి బిడ్డ దక్కలేదు. అత్తగారి ఊరినుంచి పేటకు తీసుకెళుతుంటే జీపు దారిలో చెడిపోయి, బిడ్డ కడుపులోనే పోయింది. ఈసారి కూడా బిడ్డ అడ్డం తిరిగి ఉంది. ఆపరేషన్ తప్పదని, నొప్పులు మొదలైన వెంటనే తీసుకురమ్మని పేట డాక్టరమ్మ చెప్పింది. అందుకే ఆ నొప్పులు మొదలయ్యేలోపు మా గుమ్మంలో కారుండాలని నేను పట్టుబట్టాను.

మెకానిక్ అన్న నాలుగు చోట్ల విచారించి రెండు పాత కార్లను షెడ్డు ముందుకు రప్పించాడు. ఒకటి దాచేపల్లి వైపు ఫ్యాక్టరీలో పనిచేసే ఆఫీసరుగారి పద్మిని కారు. ఆయన బదిలీ మీద వెళుతూ అమ్మకానికి పెట్టాడు. మీగడ రంగు, లోపల టేపురికార్డరు, సీట్లకు మల్లెపూవులాంటి తెల్ల కవర్లు. రెండోది పేట ప్లీడరుగారి అంబాసిడర్. నల్లది, ఒక తలుపు సొట్టపడింది, వెనక అద్దానికి వెలిసిపోయిన తెరలు. రెండూ పక్కపక్కన నిలబడితే వీధిలో వాళ్ళంతా వచ్చి పెళ్ళిచూపులు చూసినట్టు చూశారు. అందరూ పద్మిని వైపే మొగ్గారు.

అన్న తన పరీక్ష తాను చేశాడు. ఇంజన్ నడుస్తుండగా వెనక గొట్టం దగ్గర తెల్ల చేతిరుమాలు పట్టాడు. పద్మినికి చిన్న మరక పడింది. అంబాసిడర్ దగ్గరకొచ్చేసరికి రుమాలు మసిగుడ్డ అయింది.

"చూడు చెల్లెమ్మా, ఇంజనాయిలు ఎట్టా తాగుతందో! ఇది కారు కాదు, తాగుబోతు," అన్నాడు.

నేను నా పరీక్షకు దిగాను. ఇంట్లోంచి గిన్నె నిండా మజ్జిగ తెచ్చుకొని, ముందు పద్మిని వెనక సీట్లో కూర్చొని ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఏందమ్మా ఈ చోద్యం?" అని ఆయన నోరు తెరిచాడు.

"రాళ్ళ లారీలు తిరిగే రోడ్డు మీద పోనియ్యన్నా. ఈ రోడ్డు మీద నా ఒళ్ళో తలపెట్టుకొని ఏడ్చినోళ్ళు ఎంతమందో నీకు తెలవదు," అన్నాను.

పద్మిని హుషారుగానే పరుగెత్తింది. మొదటి గుంతలో మజ్జిగ నా చీర మీద పడింది, రెండో గుంతలో తెల్ల కవర్ల మీద పడింది, మూడో గుంతలో అన్న మెడ మీద పడింది. ఆయన దిగి మెడ తుడుచుకుంటూ నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మళ్ళీ గిన్నె నింపుకొని అంబాసిడర్ ఎక్కాను. అదే రోడ్డు, అవే గుంతలు. కారు ఉయ్యాలలాగా ఊగిందే తప్ప ఎత్తి కుదెయ్యలేదు. గిన్నె అంచు తడిసింది, అంతే. తిరిగొచ్చి మిగిలిన మజ్జిగ అందరి ముందూ గటగటా తాగేసి, "ఇదే నా కారు," అన్నాను.

అక్కడ మొదలైంది గొడవ.

"మజ్జిగ చూసి కారు కొంటారంటే నవ్విపోతారు! అడివి మధ్యలో ఆగిపోతే నీ మెత్తటి సీటు ఏం చేసుకుంటావు? ఆగకుండా పొయ్యేది కావాల," అన్నాడు.

"ఆగితే బాగుచెయ్యడానికి నువ్వు లేవా? మెకానిక్కువు కావా? నడుం విరిగితే మాత్రం ఎవరు బాగుచేస్తారు?"

"నీకు ఇంజను గురించి ఏం తెలుసని?"

"నీకు కాన్పు గురించి ఏం తెలుసని?"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనడంలో ఇద్దరమూ ఘనులమే. ఎవరమూ తగ్గలేదు. ఆయన రుమాలు నా ముఖం ముందు ఊపాడు, నేను ఖాళీ గిన్నె ఆయన ముఖం ముందు ఊపాను. వీధి అంతా వినోదం చూస్తోంది. ఆయన కూతురు షెడ్డు పక్కన మంచం మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. ఎవరి కోసం పోట్లాడుతున్నామో ఆ పిల్లను మాత్రం మేము ఒక్క మాటైనా అడగలేదు.

చేతిలో చింతపండు పక్కన పడేసి తనే అంది.

"ఇంక ఆపండి నాయనా. నువ్వు కూడా ఆపత్తా."

రెండు చేతులూ మంచం మీద ఆనించి మా వైపు తిరిగింది.

"పోయిన తడవ జీపు ఆగింది కదా. అందరూ దిగారు. మా ఆయన దిగాడు, మా మామ దిగాడు, డ్రైవరు దిగాడు. దోవన పొయ్యేవాళ్ళు కూడా వచ్చి బానెట్లో తలలు పెట్టారు. మా అత్తగారు నీళ్ళకోసమని పోయింది. వెనకాల నేనొక్కదాన్నే. కడుపులో బిడ్డ ఒక్కసారి గట్టిగా కదిలి ఆగిపోయింది. నేను పిలిస్తే 'అయిపోయింది, వస్తన్నాం, ఉండు' అన్నారు. వాళ్ళు వచ్చేసరికి చెప్పడానికి నాకు నోరు కూడా రాలా."

ఆ పిల్ల చేతికంటిన చింతపండు కొంగుకు తుడుచుకుంది.

"మీరు ఏ కారన్నా కొనండి. అది ఆగుద్దో ఆగదో నాకు తెలవదు. ఆగితే మాత్రం నా దగ్గర మనిషి ఉండాల. అంతే."

అన్న చేతిలో రుమాలు ముడిచి జేబులో పెట్టుకొని, కూతురి వైపు చూడలేక కార్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. పోయినసారి ఆయన అక్కడ లేడు. ఉంటే, బానెట్లో మొదట తల పెట్టేది ఆయనేనని మా ఇద్దరికీ తెలుసు.

నేను రెండు కార్ల వెనక తలుపులూ తీసి మళ్ళీ చూశాను. ఈసారి మెత్తదనం చూడలేదు. అంబాసిడర్ వెనక సీట్లో ఆ పిల్ల, తల దగ్గర నేను, కాళ్ళ దగ్గర వాళ్ళమ్మ సరిపోతాం. పద్మినిలో ముగ్గురం ఇరుక్కుపోతాం. "అంబాసిడరే," అన్నాను. అన్న ఎదురు చెప్పలేదు. ఆ రోజే తాగుబోతు ఇంజన్ను కిందికి దింపి, తిండి కూడా మరిచి ముక్కముక్కా విప్పి కడిగి బిగించాడు.

అనుకున్న దానికంటే ముందే, ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. అన్నే స్టీరింగ్ పట్టుకున్నాడు, వెనక సీట్లో అనుకున్నట్టే మేం ముగ్గురం. బయట నిప్పులు చెరిగే ఎండ. దాచేపల్లి దాటాక ఒక లారీ రోడ్డుకు అడ్డంగా చెడిపోయి, వెనక సిమెంటు లారీలన్నీ బారులు తీరి నిలబడిపోయాయి. వాటి మధ్య మేమూ ఇరుక్కున్నాం. కాసేపటికి మా బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి పైకి లేచింది. రేడియేటర్ మరిగిపోయింది.

అన్న చెయ్యి తలుపు పిడి మీదకు పోయింది. ముప్పై ఏళ్ళ అలవాటు, ఎక్కడికి పోతుంది! సగం తెరిచాడు కూడా. తర్వాత తలుపు వేసేసి, ముందు సీట్లో మోకాళ్ళ మీద నిలబడి వెనక్కి తిరిగి, కూతురి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ పిల్ల ఆ చేతుల్ని గోళ్ళు దిగేలా పట్టుకుంది.

అన్న షెడ్డు ఎరిగిన లారీవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "మేస్త్రీ, బండి మరిగిపోతంది, కిందికి దిగు! మూత తియ్యాలి!"

తన చేతిలో ఉన్న బండిని ఇంకొకడు ముట్టుకుంటే కొట్టేంత పనిచేసే మనిషి. ఈసారి తలైనా తిప్పలేదు.

"మీరే చల్లార్చి నీళ్ళు పొయ్యండయ్యా. నాకిక్కడ పనుంది," అన్నాడు.

నేను పొట్ట మీద చెయ్యి వేసి ఉంచాను. బిడ్డ కదులుతోంది. కదిలినప్పుడల్లా "కదిలింది" అని పైకి చెప్పాను. లారీవాళ్ళే నీళ్ళు పోశారు, వాళ్ళే అడ్డంగా ఉన్న లారీని పక్కకు నెట్టి దారి ఇచ్చారు. పేట చేరాం. డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. వరండాలో ఉన్న మాకు ఆడపిల్ల ఏడుపు వినపడింది. కూతురు కూడా బాగుందని నర్సు వచ్చి చెప్పాక గానీ అన్న బయటికి వెళ్ళి బానెట్ ఎత్తలేదు. రేడియేటర్ మూత సరిగా పెట్టలేదని ఆ లారీవాళ్ళను నోటికొచ్చినట్టు తిడుతూ, కళ్ళు తుడుచుకుంటూ, దాన్ని మళ్ళీ బిగించాడు.