బస్సులో వినపడిన పాత సింథ్

పెళ్లి వీడియోలకు సంగీతం చేయడం నా పని. ఆ రోజు బందరు నుంచి నాగాయలంక బస్సులో కూర్చుని ఒకే బాణీని రెండు రకాలుగా వింటున్నాను. ఒకటి కొత్తగా కొన్న సింథ్‌తో, అంటే కంప్యూటర్‌లో వాయిద్యాల శబ్దాలు పుట్టించే సాఫ్ట్‌వేర్‌తో చేసింది. రెండోది నేను పని నేర్చుకున్న పాత సింథ్‌తో చేసింది, దాని శబ్దం కాస్త గరుకు. దాన్నిప్పుడెవరూ వాడటం లేదు, లాప్‌టాప్‌లోంచి తీసేద్దామా అని అప్పుడు అనుకుంటున్నాను.

పక్క సీట్లో పెద్దాయన "ఏం పాటండీ?" అని అడిగి, చెవి మిషన్ తీసి నా హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. కొత్తది వినిపించాను. సగం అయ్యాక, "ఇంకా మొదలెట్టలేదా?" అన్నారు.

పాతది పెట్టాను. ఆయన వేళ్లు ముందు సీటు కడ్డీ మీద తాళం వేశాయి. పాటయ్యాక హెడ్‌ఫోన్స్ నాకిచ్చేసి, చెవి మిషన్ మళ్లీ పెట్టుకున్నారు.

"ఇదెవరు వాయించారండీ?"

"ఎవరూ కాదండీ, పాత సాఫ్ట్‌వేర్."

"పాతదంటారేంటి? నాకిప్పుడే కదా వినపడింది!"

మోపిదేవిలో దిగిపోయారు. ఆ గరుకు శబ్దం ఆయనకు నచ్చిందో, వినపడినందుకే సంబరపడ్డారో నాకు అర్థం కాలేదు. అది మంచి శబ్దమేనా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. చేసే ప్రతి పాటలో మాత్రం ఎక్కడో ఒకచోట దాన్ని పెడుతున్నాను. ఎందుకని అడిగితే సరిగ్గా చెప్పలేను.